అన్నం దొరుకుతోంది, కూర దొరకడం లేదు

మా గల్లీ చివర లేబర్ అడ్డా ఉంది. పొద్దున ఆరున్నరకే యాభై అరవై మంది చేరతారు. ఎవరి సద్ది వాళ్ల చేతిలోనే ఉంటుంది. మేస్త్రీ వచ్చి పిలిస్తే పనికి పోతారు, తొమ్మిదైనా పిలుపు రాకపోతే అక్కడే కూర్చుని ఆ సద్ది విప్పుతారు. చాలా డబ్బాల్లో అన్నం, దాని మీద ఇంత తొక్కు, అంతే. కూరగాయలు పని దొరికిన రోజు సాయంత్రమే కొంటామని ఒకామె నాతో చెప్పింది. వారంలో మూడు రోజులు పని దొరికితే మూడు పూటలు కూర అన్నమాట.

హైదరాబాద్‌లో ఆకలి గురించి మాట్లాడాలంటే ఈ డబ్బా దగ్గరే మొదలుపెట్టాలి. బియ్యం విషయంలో మనం చాలా దూరం వచ్చాం. 1983లో రెండు రూపాయల కిలో బియ్యంతో మొదలైన దారి 2013లో ఆహార భద్రత చట్టం దాకా వచ్చింది. ఇవాళ తెలంగాణలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు ఆరు కిలోలు ఉచితంగా ఇస్తున్నారు. 2025 ఏప్రిల్ నుంచి సన్న బియ్యం ఇవ్వడం మంచి నిర్ణయం, ఇంట్లో వండుకుని తినే బియ్యం అవి. జీహెచ్ఎంసీ 2014లో మొదలుపెట్టిన ఐదు రూపాయల భోజనం ఎంత మంది కడుపు నింపిందో ఆ కౌంటర్ల ముందు లైన్లో నిలబడ్డవాళ్లకు తెలుసు.

మరి అదే రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఐదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు అంతకుముందు సర్వేలో 28 శాతం ఉంటే, ఈసారి 33.1 శాతం అయ్యారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలంటుంది. అడ్డా మీది డబ్బాలో ఆ సగం మొత్తం ఖాళీ. బియ్యం కడుపు నింపుతాయి, రక్తం పట్టాలంటే పప్పు, ఆకుకూర, గుడ్డు కావాలి. 2013లో అమ్మహస్తం పేరుతో 185 రూపాయలకు కందిపప్పు, నూనె, చింతపండుతో కలిపి తొమ్మిది సరుకులు రేషన్ షాపులో ఇచ్చారు. ఆ సంచి ఇప్పుడు లేదు. కనీసం కందిపప్పునైనా తిరిగి తేవాలని నేను గట్టిగా అడుగుతాను.

కూర ఎందుకింత పిరం అయింది? చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు పొలాలు నగరానికి పెరటితోట లాంటివి. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల నీళ్లను కాపాడటానికి 1996లో 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టిన 111 జీవో, ఆ పెరటినీ కొంత కాపాడింది. 2022లో దాన్ని సడలిస్తూ 69 జీవో వచ్చింది. ఆ దారిలో వెళ్తే ఆకుకూర మడి పక్కనే విల్లాల బోర్డు కనిపిస్తుంది. ప్లాటు ధర పలికే నేలలో పాలకూర వేయమని రైతుకు ఏ ముఖంతో చెప్పగలం? 1999లో రైతుబజార్లు పెట్టినప్పుడు ఉద్దేశం మధ్యలో దళారి లేకుండా చేయడం. దగ్గర్లో పొలమే లేకపోతే రైతుబజారుకు రైతు ఎక్కడి నుంచి వస్తాడు? దూరం నుంచి లారీలో వచ్చిన సరుకులో డీజిల్, కమీషను, దారిలో కుళ్లినదాని నష్టం అన్నీ కిలో ధరలోనే కలుస్తాయి.

తప్పు మన వంటింట్లో కూడా ఉంది. ఎండలు ముదిరితే టమాటా మన దగ్గర సరిగ్గా కాయదు, మదనపల్లె నుంచి రావాల్సిందే. 2023 జులైలో కిలో 150 దాటినప్పుడు ఇంటింటా అదే టెన్షన్. మా అమ్మ వంటలో పులుపు కాలాన్ని బట్టి మారేది. ఎండాకాలం పప్పులో మామిడికాయ, లేకపోతే చింతచిగురు. వానలు పడ్డాక పుంటికూర. చలికాలంలో టమాటా, ఉసిరి. ఏదీ లేని రోజు పచ్చి పులుసు. వినాయక చవితికి తుమ్మికూర వండేవాళ్లం, చేను గట్ల మీద గంగవాయిలి, గునుగు కూర ఊరికే మొలిచేవి. పన్నెండు నెలలూ టమాటాయే కావాలనడం ఈమధ్య అలవాటే. ఖర్చు తగ్గే సింపుల్ జీవితం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆ పులుపే. దాని కోసం ఆర్గానిక్ షాపుకు వెళ్లక్కర్లేదు.

జహీరాబాద్ ఆడవాళ్లు చేసిన పని గురించి నగరంలో తెలిసింది తక్కువ. ముంబై రోడ్డు మీద వంద కిలోమీటర్ల దూరంలో, పస్తాపూర్ కేంద్రంగా 1983లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాని సంఘాల్లో ఎక్కువ మంది దళిత మహిళలు, ఎకరం రెండెకరాల వాళ్లు. 1990లలో వాళ్లు బీడు భూముల్ని సాగులోకి తెచ్చారు. దున్నడానికి, ఎరువుకు, విత్తనానికి అప్పు ఇచ్చి, తిరిగి డబ్బుగా కాక జొన్నలుగా తీసుకున్నారు. ఆ జొన్నలతో ఊళ్లోనే గింజల నిధి పెట్టుకున్నారు. ఎవరి ఇంట్లో ఎంత లేమి ఉందో ఊరి వాళ్లే కూర్చుని తేల్చి, వాళ్లకు తక్కువ ధరకు అమ్మారు. రేషన్ బియ్యం ఎక్కడి నుంచో రావాలని ఎదురుచూడకుండా, తమ నేలలో పండే గింజనే తమ రేషన్ చేసుకున్నారు. పశువులకు చొప్ప దొరికింది, పని లేని నెలల్లో కూలి దొరికింది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది ఈ సంఘాలకే. అక్కడ నన్ను కదిలించేది దిగుబడి కంటే ఆ లెక్క. పక్కింట్లో పొయ్యి వెలగలేదన్నది ఊరందరి లెక్కలోకి వచ్చింది.

నగరంలో పక్కింటి పొయ్యి మనకు కనపడదు. అపార్ట్‌మెంట్‌లో చేబదులు అడగడం కూడా నామోషీ అయిపోయింది. కానీ సద్దుల బతుకమ్మ నాడు ఇదే నగరంలో చెరువు గట్టున తెచ్చిన సద్దులన్నీ కలిపి, తెలియని వాళ్ల చేతిలో కూడా పెడతారు. అలా పంచుకోవడం ఏడాదికి ఒక్కరోజే ఉండాలని ఎవరూ చెప్పలేదు.

మా గల్లీలో పద్నాలుగు ఇళ్ల వాళ్లం కలిసి ఏడాదిగా చేవెళ్ల వైపు రైతు ఒకాయన దగ్గర కూరగాయలు కొంటున్నాం. వారానికి రెండుసార్లు ఆటో ట్రాలీ వస్తుంది. ఆ రోజు ఆయన పొలంలో ఏది కోతకు వస్తే అదే తీసుకోవాలన్నది ఒప్పందం. మొదటి నెలలో వరసగా సొరకాయలే వచ్చి నలుగురు మానేస్తామన్నారు, తర్వాత సర్దుకున్నారు. వాచ్‌మన్ కుటుంబాలు, ఇళ్లలో పనిచేసే ఇద్దరు అక్కలు కూడా అదే ధరకు, అదే లెక్కలో తీసుకుంటారు.

ఇన్నాళ్లూ ట్రాలీ పొద్దున ఎనిమిదికి వచ్చేది. ఆ వేళకు అడ్డా వాళ్ల చేతిలో డబ్బు ఉండదు. సాయంత్రం వాళ్లు పనుల నుంచి తిరిగొచ్చేసరికి బజార్లో వాడిపోయిన కట్టలే మిగులుతాయి. అందుకే వచ్చే వారం నుంచి సాయంత్రం ఆరున్నరకు రమ్మని రైతును అడిగాం. మధ్యాహ్నం కోసి తెస్తానన్నాడు. ముందు అడ్డా దగ్గర ఆగుతుంది, ఆ తర్వాతే మా గేటు ముందుకు వస్తుంది.