అభినవ చక్రధారి విన్నపం

కారు కొన్నవాడు తన కారును తాను చూసుకోలేడు. సృష్టిలోని అన్యాయాల్లో ఇదొకటి. లోపల కూర్చున్నాక అతనికి కనిపించేది స్టీరింగు, అద్దం మీది దుమ్ము, ముందు పోతున్న లారీ వెనక భాగం. చక్రాలైతే బొత్తిగా కనిపించవు. అయినా ఫ్యాక్టరీ బిగించి పంపిన బుద్ధిమంతులైన 15 అంగుళాల చక్రాలను ఊడదీసి, వాటి స్థానంలో 17, 18 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించుకునే త్యాగమూర్తులకు లోటు లేదు. సొమ్ము వాళ్ళది, పెట్రోలు వాళ్ళది, చూసి ఆనందించే కళ్ళు మాత్రం పరాయివాళ్ళవి. చెట్లు పరుల కోసమే కాస్తాయని, నదులు పరుల కోసమే పారతాయని చిన్నప్పుడు వల్లె వేశాం. ఆ వరసలో పెద్ద చక్రాల యజమాని లేకపోవడానికి కారణం ఒక్కటే, ఆ శ్లోకం రాసేనాటికి అల్లాయ్ చక్రాలు రాలేదు.

నేనూ ఆ త్యాగమూర్తుల్లో ఒకణ్ణి. నన్ను ఈ మార్గంలోకి తెచ్చినవాడు మా బావమరిది. నా కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "బావగారూ, మనిషి నిండుగా ఉన్నాడు గానీ కాళ్ళే పీలగా ఉన్నాయి" అన్నాడు. అంతవరకూ కారుకు కాళ్ళుంటాయన్న స్పృహే నాకు లేదు. ఆ మర్నాటి నుంచి రోడ్డు మీద ఏ కారు కనిపించినా ముందు కాళ్ళే చూడటం మొదలుపెట్టాను. వారం తిరక్కుండా చక్రాల దుకాణంలో తేలాను.

దుకాణదారు అబద్ధాలాడే మనిషి కాదు. లెక్కల మనిషి. నా పాత టైరు మీద 195/65 ఆర్15 అని ఉంది. 195 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే ఆ వెడల్పులో 65 శాతం, టైరు పక్కగోడ అనే సైడ్‌వాల్ ఎత్తు. 15 అంటే రిమ్ము అడ్డుకొలత, అంగుళాల్లో. ఒకే అంకెల వరసలో మిల్లీమీటర్లు, శాతాలు, అంగుళాలు కలిసి కాపురం చేయడం టైర్ల లోకంలో తప్ప ఇంకెక్కడా చూడలేదు. ఆయన ఆ మూడింటినీ కూడి, హెచ్చవేసి, "మీ పాత టైరు నిలువెత్తు 634 మిల్లీమీటర్లు. నేనిచ్చే 225/45 ఆర్17 కూడా 634 మిల్లీమీటర్లే. బయటి కొలత మారనప్పుడు మైలేజీ ఎందుకు మారుతుందండీ?" అన్నాడు. కూడిక సరిగ్గానే ఉంది. ఇద్దరు మనుషులు ఒకే ఎత్తున్నారు కాబట్టి ఇద్దరికీ ఒకే బట్ట సరిపోతుందన్నంత సరిగ్గా ఉంది.

చక్రాలు వచ్చాయి. లీటరుకు 18 కిలోమీటర్లు ఇస్తున్న కారు రెండు నెలల్లో 16.8 దగ్గర స్థిరపడింది. నేను వెంటనే విచారణ ప్రారంభించాను. మొదటి ముద్దాయి పెట్రోలు బంకు. రెండోది ఏసీ. మూడోది వాతావరణం. ఎయిర్ ఫిల్టర్ మార్పించాను, స్పార్కు ప్లగ్గులు మార్పించాను, ఇంజెక్టర్లు కడిగించాను. ఆఖరికి డిక్కీలో పడి ఉన్న పాత గొడుగును కూడా అనుమానించి ఇంట్లో పెట్టేశాను. చక్రాల మీదికి మాత్రం నా అనుమానం పోలేదు. అంత ధర పెట్టి తెచ్చుకున్నవాటిని అనుమానించడం మర్యాద కాదు కదా.

చివరికి నిజం తేల్చడానికి స్నానాల గది పక్కనున్న బరువు చూసే యంత్రమే దిక్కయింది. చక్రాన్ని నేరుగా దాని మీద పెడితే అంకె కనిపించదు, చక్రమే దాన్ని కప్పేస్తుంది. అందుకని చక్రాన్ని గుండెలకు హత్తుకుని నేను ఎక్కాలి, మా ఆవిడ వంగి అంకె చదవాలి, అందులోంచి నా బరువు తీసేయాలి. పాత చక్రం టైరుతో సహా 16 కిలోలు. కొత్తది 20. నా తెల్లచొక్కా మీద రెండు నల్లటి వలయాలు పడ్డాయి. నాలుగు చక్రాలకూ కలిపి 16 కిలోలు పెరిగిందని నేను గంభీరంగా ప్రకటించాను. "కారు కొన్నప్పటి నుంచి మీరూ అంతే పెరిగారు" అని మా ఆవిడ యంత్రాన్ని తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె మాటలో విజ్ఞానశాస్త్రం కొంచెం తక్కువైంది. నేను కారులో ఊరికే కూర్చుంటాను. చక్రం ముందుకు పోతూ, పోతూనే తిరగాలి. ఇంజిను దానికి ఆ రెండు పనులకూ శక్తి ఇవ్వాలి. చక్రంలో పెరిగిన ఒక్క కిలో కారులో పది కిలోలతో సమానమని చక్రాల భక్తులు, విరోధులు ఒకే గొంతుతో చెబుతుంటారు. అది పుక్కిటి పురాణం. ఆ కిలో మొత్తం చక్రం అంచునే ఉన్నా, వేగం పుంజుకునేటప్పుడు దాని భారం రెండు కిలోలంతే, అంతకు మించదు. అంటే నా 16 కిలోలు మహా అయితే 32. వెయ్యి కిలోలు దాటిన కారుకు అది మూడు శాతం మాట. సిగ్నలు దగ్గర ఆగి, కదిలి, మళ్ళీ ఆగే ప్రయాణంలో ఈ భారం తెలుస్తుంది. బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆ శక్తంతా వేడి అయిపోతుంది, మళ్ళీ పెట్రోలు పోసి పుట్టించాలి. ఒకే వేగంతో సాగే దారిలో మాత్రం ఇది పెద్ద విషయమే కాదు. కాబట్టి బరువు ఒక్కదాన్నే బోనెక్కించడం అన్యాయం.

బరువు వెనక దాక్కున్న ఘనులు ఇద్దరు. ఒకరు రబ్బరు, ఇంకొకరు గాలి.

టైరు నేలకు తగిలినచోట నలుగుతుంది, దాటగానే మళ్ళీ లేస్తుంది. నలిగేటప్పుడు పుచ్చుకున్న శక్తినంతా లేచేటప్పుడు తిరిగివ్వదు, కొంత వేడి రూపంలో నొక్కేస్తుంది. దీన్నే దొర్లుడు నిరోధం అంటారు. ఫ్యాక్టరీ వాళ్ళు మైలేజీ అంకె కోసం పిసినారి రబ్బరు ఏరుకుని వేస్తారు. మనం దుకాణానికి వెళ్ళి పట్టు కావాలి, వెడల్పు కావాలి, మలుపులో జారకూడదు అంటాం. నా కారు మలుపు తిరిగేది పార్కింగులోకి వెళ్ళేటప్పుడే అయినా నేనూ అదే అన్నాను. దొర్లుడు నిరోధం పది శాతం అటూ ఇటూ అయితే ఇంధన వాడకం ఒకటి రెండు శాతం మారుతుందని అమెరికా రవాణా పరిశోధన మండలి 2006 నివేదికలో ఉంది. ఒకటి రెండు శాతమే కదా అనుకోవచ్చు. చెప్పుల్లో రాయి కూడా చిన్నదే.

ఇక గాలి. నా కొత్త చక్రానికి ఐదు ఊచలు, ఊచకూ ఊచకూ మధ్య గుప్పిలి దూరేంత ఖాళీ. తిరుగుతున్నప్పుడు అది గాలిని చిలుకుతూ పోతుంది. టైరు వెడల్పు 30 మిల్లీమీటర్లు పెరిగింది కాబట్టి గాలికి ఎదురు నిలిచే ఛాతీ కూడా పెరిగింది. వేగం రెట్టింపైతే గాలి పెట్టే అడ్డు నాలుగింతలవుతుంది. అందుకే మైలేజీ మీద శ్రద్ధ ఉన్న విద్యుత్ కార్ల చక్రాలకు పళ్ళెం లాంటి మూతలు వేస్తారు. అవి చూడటానికి బాగుండవు, అందుకని కొన్నవాళ్ళు మొదట చేసే పని వాటిని పీకేయడం. అన్నట్టు, ఆ ఊచల సందుల్లోంచి నా కారు బ్రేకు డిస్కు కూడా బయటపడింది. 15 అంగుళాల చక్రం వెనక గుట్టుగా బతికిన ఆ తుప్పు పట్టిన చిన్న డిస్కు, ఇప్పుడు విస్తరి మధ్యలో అప్పడం ముక్కలా దిక్కులు చూస్తోంది. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అన్నారు పెద్దలు. మీసం నిండుగానే ఉంది, దాని వెనక మొహమే చిన్నబోయింది.

రబ్బరు, గాలి, బరువు అన్నీ కలిస్తే ఎంతవుతుందో ఒక పత్రిక చూసింది. కార్ అండ్ డ్రైవర్ వాళ్ళు 2010లో ఒకే ఫోక్స్‌వాగన్ గోల్ఫ్‌కు 15 నుంచి 19 అంగుళాల దాకా ఒక్కొక్క అంగుళమే పెంచుతూ చక్రాలు మార్చి నడిపారు. 19కి చేరేసరికి మైలేజీ సుమారు పదో వంతు ఆవిరైంది. కారు వేగం పుంజుకోవడం కూడా కాస్త మందగించింది. అంటే వేగంగా కనిపించడానికి వేగాన్నే తాకట్టు పెట్టాలన్నమాట. ఐరోపాలో 2017 నుంచి వచ్చిన పరీక్షా విధానంలో, కారుతో పాటు కొనుగోలుదారు ఎంచుకున్న చక్రాలను కూడా లెక్కలోకి తీసుకుని ఇంధన వాడకం అంకె వేస్తారు. బయటి దుకాణంలో బిగించుకున్నవాళ్ళకు ఆ చేదు కాగితం చేతిలో పెట్టేవాళ్ళు లేరు. అదీ ఒక సుఖమే.

మా ఆఫీసులో ఒకాయనది ఇంకో దారి. ఆయన నిలువెత్తు కూడా పెంచి 215/60 ఆర్17 వేయించాడు. అడ్డుకొలత 634 నుంచి దాదాపు 690 మిల్లీమీటర్లు అయింది. స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకుని, గొంతులో ముల్లు పడ్డట్టు గరగరమంటుంది. ఆయన రోజూ మైలేజీ పడిపోయిందని వాపోతాడు. అందులో చాలా భాగం పడిపోలేదు, లెక్కకు ఎక్కలేదు. పెద్ద చక్రం ఒక్క చుట్టులో ఎక్కువ దూరం పోతుంది. ఆ సంగతి ఓడోమీటరుకు ఎవరూ చెప్పలేదు, అది పాత చక్రం లెక్కనే కడుతోంది. మీటరు మీద 500 కిలోమీటర్లు తిరిగితే బండి నడిచింది దాదాపు 544. స్పీడోమీటరూ అంతే, 80 అని చూపించేటప్పుడు నిజానికి 87 దగ్గర పోతుండవచ్చు. ఈ సంగతి విడమరిచి చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది. ఆ రోజు నుంచి తన మైలేజీని ఎనిమిది తొమ్మిది శాతం పెంచి చెబుతున్నాడు. రబ్బరు, గాలి తీసుకున్న వాటా మాత్రం కాగితం మీదికి రానివ్వడు.

చక్రం పెద్దదైతే చాలు మైలేజీ పోతుందనుకునేవాళ్ళూ తొందరపడుతున్నారు. బీఎండబ్ల్యూ ఐ3 అనే విద్యుత్ కారు 2013లో 19 అంగుళాల చక్రాలతోనే వచ్చింది. దాని టైరు 155/70 ఆర్19. నిలువెత్తు 700 మిల్లీమీటర్లు, వెడల్పు 155. నా పాత టైరు కన్నా 40 మిల్లీమీటర్లు సన్నం. ఎత్తైన చక్రం సులువుగా దొర్లుతుంది, సన్నని టైరు గాలిని తక్కువగా రెచ్చగొడుతుంది. ఇంజినీర్లు కూర్చుని మైలేజీ కోసం పెద్ద చక్రం తయారుచేస్తే అది సైకిలు చక్రానికి పెద్దన్నలా తేలింది. ఆ బొమ్మ మా బావమరిదికి చూపించాను. "ఇవీ పీలగానే ఉన్నాయి బావగారూ" అన్నాడు.

అందుచేత ప్రజలకు నా విన్నపం ఇది. 18కీ 16.8కీ ఉన్న తేడా వంద కిలోమీటర్లకు సుమారు 400 మిల్లీలీటర్లు, అంటే రెండు గ్లాసుల పెట్రోలు. నా చక్రాలు చూసి ఆనందిస్తున్నది మీరు. కాబట్టి చూసినవాళ్ళంతా తలా ఇంత వేసుకుని ఆ రెండు గ్లాసులు భరించడం ధర్మం. ఎవరి వాటా ఎంతో తేల్చడానికి నేనే ఒక ఆదివారం కారును రోడ్డు పక్కన ఆపి, దూరంగా కూర్చుని లెక్క రాసుకున్నాను. మూడు గంటల్లో ఇద్దరు చూశారు. ఒకడు పంక్చర్లు వేసే కుర్రాడు, వృత్తిరీత్యా చూశాడు. రెండోది కుక్క. అది చూసి ఊరుకోలేదు.

వసూళ్ళు అలా మూలుగుతుండగానే ఒక రాత్రి గోతిలో పడ్డాను. పాత టైరు సైడ్‌వాల్ 127 మిల్లీమీటర్లు ఉండేది, కొత్తది 101. నేలకూ రిమ్ముకూ మధ్య ఉన్న పరుపును 26 మిల్లీమీటర్లు పలచన చేసుకుని అందం కొనుక్కున్నానన్నమాట. గొయ్యి ఆ లెక్కను చక్కగా చూసింది. రిమ్ము అంచు చెవి మడతపెట్టినట్టు ఒంగింది, గాలి బుస్సుమని పోయింది. డిక్కీ తెరిస్తే స్పేరు చక్రం ఉంది. ఫ్యాక్టరీ నాటిది, 15 అంగుళాలది, నల్లటి ఇనుముది. దాన్ని ఎవరూ మార్చలేదు, ఎందుకంటే అది ఎవరికీ కనిపించదు. దుకాణదారు చెప్పినట్టే నిలువెత్తు 634, అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

కొత్త రిమ్ము రావడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ మూడు పెద్ద చక్రాలు, ఒక చిన్న చక్రంతో తిరిగాను. పక్కింటాయన ఆపి అడిగాడు. పాలబ్బాయి అడిగాడు. సిగ్నలు దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్ళు అద్దం దించి మరీ అడిగారు.

"ఆ ఒక్క చక్రం ఎందుకండీ మార్చారు?"