ట్రెడ్‌మిల్ ఎక్కలేని వాళ్ల సంగతి?

వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకి గుండెజబ్బు ముప్పు ఎక్కువ కావడానికి కారణం కదలిక లేకపోవడమేనని నేను చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. అది సగమే నిజం. మా బావగారికి మెడ దగ్గర దెబ్బ తగిలి చాలా ఏళ్లుగా వీల్‌చైర్‌లోనే ఉంటున్నారు. ఇలాంటివాళ్లకి గుండెకీ రక్తనాళాలకీ వెళ్లే నరాల అదుపే దెబ్బతింటుంది. పై బీపీ మామూలుగా 90-110 మధ్యే ఉంటుంది కాబట్టి 130 చూసి "నార్మలే కదా" అనుకుంటే ప్రమాదం. చాలాసార్లు మూత్రం గొట్టం మూసుకుపోయి, బ్లాడర్ (మూత్రాశయం) నిండిపోవడం వల్లే బీపీ అలా ఎగబాకుతుంది. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి గొట్టం చూడాలి, ఆలస్యమైతే బ్రెయిన్ స్ట్రోక్ దాకా వెళ్లొచ్చు. ఈ మాట మాకు చెప్పింది డాక్టరు కాదు, ఫిజియోథెరపిస్టు! ఇంకోటి, గుండెపోటు వచ్చినా ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు. ఆయాసం, చెమటలు, కారణం లేని నీరసం ఉంటే ఈసీజీ తీయించాల్సిందే. బరువు మామూలుగా ఉందన్న ధీమా కూడా పనికిరాదు, కండ కరిగిన చోట కొవ్వు చేరుతుంది. ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో హెల్త్ ప్యాకేజీకి వెళ్తే, నడిపిస్తూ గుండె పనితీరు చూసే ట్రెడ్‌మిల్ పరీక్ష కుదరదని ఆ కాలమ్ ఖాళీగా వదిలేసి పంపారు, డబ్బులు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. నడవక్కర్లేకుండా, మందు ఎక్కించి గుండెకి శ్రమ కల్పించి స్కాన్‌లో చూసే స్ట్రెస్ ఎకో పరీక్ష ఉందని అక్కడ ఒక్కరూ చెప్పలేదు.