కళ్లు తిరిగాయంటే ఏమిటి?

‘కళ్లు తిరిగాయి’ అన్న ఒక్క మాటతో తెలుగువారు రెండు వేర్వేరు బాధలు చెప్పుకుంటారు. గది గిర్రున తిరిగినట్టు అనిపించినా అదే మాట, కళ్లముందు చీకటి కమ్మి కూలబడినా అదే మాట. మొదటిదానికి తరచుగా లోపలి చెవి కారణం. రెండోదానికి పడిపోయిన రక్తపోటో, లయ తప్పిన గుండో. మనలో మనకే ఇంత మెలిక ఉన్న ఈ మాట ఒడిశాలోని పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఒక తెలుగు ముసలమ్మ నోట బయలుదేరి, ఒడియా డాక్టరు చెవికి చేరేసరికి ఏమవుతుంది? మధ్యలో దుబాసీ ఒడియా బడిలో ఆరో తరగతి చదివే మనవడు. వాడికి తోచిన మాటే చీటీకెక్కుతుంది.

ఎముక విరిగితే ఎక్స్‌రే చెబుతుంది, దానికి భాషతో పని లేదు. మెదడు, నరాల జబ్బుల సంగతి అలా కాదు. మూర్ఛ (ఫిట్స్) వచ్చిన క్షణాన డాక్టరు పక్కన ఉండడు. కొట్టుకోవడం ఏ వైపు మొదలైంది, చూపు ఎటు మళ్లింది, ఎంతసేపు, తెలివి వచ్చాక మనుషులను గుర్తుపట్టారా అన్నది చూసినవారే చెప్పాలి. ఫిట్స్ ఉన్నవారికి కూడా మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్ష మామూలుగా రావచ్చు. పార్శ్వపు నొప్పి అయితే స్కానింగ్‌లో అసలు కనబడదు, రోగి చెప్పుకున్న తీరును బట్టే పోల్చుకోవాలి. ఇక ‘తిమ్మిరి’ అంటే చీమలు పాకినట్టు ఉండటమా, స్పర్శ పోవడమా, చేతిలో పట్టు తప్పడమా? (ఫిట్స్ వచ్చినప్పుడు తాళంచెవుల గుత్తి అరచేతిలో పెట్టే వృథా వైద్యానికి మాత్రం ఏ భాషా అడ్డురాదు.)

పక్షవాతంలో దీనికి గడియారం కూడా తోడవుతుంది. మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే ఇంజక్షన్ సాధారణంగా 4.5 గంటల లోపు పడాలి. మెదడులో రక్తనాళం చిట్లలేదని సీటీ స్కాన్‌లో తేలాక కూడా డాక్టరుకు ఒక జవాబు కావాలి: మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకు? ఆ సంగతి కోడలికి తెలుసు, ప్రశ్నే అర్థం కాలేదు. మాట తడబడటం పక్షవాతానికి ముఖ్యమైన గుర్తు. రాని భాషలో అడిగితే తడబడనిది ఎవరు?

మతిమరుపు వ్యాధి (డిమెన్షియా) పరీక్షలకూ ఇదే చిక్కు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారిలో ఆ వ్యాధి సగటున 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువురాని వారిలోనూ ఆ తేడా కనిపించింది. మన సరిహద్దు సంతల్లో కూరగాయలు అమ్మే మనిషి కూడా తెలుగులో బేరమాడి, ఒడియాలో చిల్లర లెక్కపెట్టి, సవర గిరిజనులతో వారి మాటలోనే నాలుగు ముక్కలు పలుకుతుంది. ఇన్ని భాషలు మెలిగిన మెదడును ఒక్క భాషలో తూచడం మాకు వింతగా తోస్తోంది.

బంధువులో వీధిలోవారో దుబాసీలు కావడంలో ఇంకో ప్రమాదం ఉంది. పెళ్లీడు పిల్లకు ఫిట్స్ వస్తాయంటే వీధి దుబాసీ ముందు తల్లి నోరు విప్పదు. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకుల జాబితా నుంచి మూర్ఛను 1999లోనే తీసేశారు. ఇళ్లలో ఆ భయం ఇంకా పోలేదు. నిజం దాస్తే మందు ఆలస్యమవుతుంది. చీటీ చదవలేక మాత్రలు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ మరింత తీవ్రంగా తిరగబడతాయి.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల పెద్దాసుపత్రులన్నిటిలో జీతమిచ్చి దుబాసీలను పెట్టాలని ఒడిశా ప్రభుత్వాన్ని కోరుతున్నాం. వారు రాత్రిపూట కూడా ఉండాలి, పక్షవాతం వేళ చూసుకుని రాదు. తెలుగుతో పాటు గిరిజన భాషలైన సవర, కుయి మాటలు వచ్చినవారు కావాలి. ఎప్పటి నుంచి, ఏ వైపు, ఎంతసేపు అన్న పది ప్రశ్నలను ఈ భాషల్లో ఒక కాగితం మీద అచ్చు వేయించడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. సరిహద్దుకు ఇవతల ఇచ్ఛాపురం, సోంపేటలలో ఒడియా మాట్లాడే వృద్ధులూ ఉన్నారు. వారి కోసం ఇదే కాగితాన్ని ఒడియాలో వేయించవలసింది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం.