సవరణ: కాశ్మీర్‌లో ఫోన్లు ఎప్పుడు తిరిగి పనిచేశాయి?

2019 ఆగస్టు 5న ఆర్టికల్ 370 రద్దు చేసినప్పుడు ప్రభుత్వం కాశ్మీర్‌లో ఫోన్లు, నెట్ ఆపేసింది. "2019 అక్టోబరు 14న కాశ్మీర్ లోయలో మొబైల్ సేవలు పునరుద్ధరించారు" అని పోయిన పోస్టులో ఉంది. అది సగమే నిజం. ఆ రోజు మోగినవి పోస్ట్‌పెయిడ్ ఫోన్లు, అదీ కాల్స్ వరకే. ప్రీపెయిడ్ సిమ్‌లకు 2020 జనవరి దాకా కాల్ కలవలేదు. జనవరి 25న 2జీ నెట్ వచ్చింది కానీ ప్రభుత్వం అనుమతించిన సైట్లే తెరుచుకునేవి. లోయ అంతటా 4జీ వచ్చేసరికి 2021 ఫిబ్రవరి 5.

ఈ తేడా చిన్నది కాదు. ఆగస్టు 5న ల్యాండ్‌లైన్లూ మూగబోయాయి. ఊరికి దూరంగా ఉన్న బిడ్డతో రెండు నిమిషాలు మాట్లాడాలని తల్లిదండ్రులు శ్రీనగర్ డిప్యూటీ కమిషనర్ ఆఫీసులో బారులు తీరారు. నవంబరులో రైళ్లు మళ్లీ నడిచాక విద్యార్థులు పరీక్ష ఫారాలు నింపడానికి లోయ బయట జమ్ము వైపున్న బనిహాల్ దాకా వెళ్లి, అక్కడి నెట్ సెంటర్ల ముందు నిలబడ్డారు. "అక్టోబరులో పునరుద్ధరించారు" అంటే వీళ్లంతా లెక్కలోంచి జారిపోతారు.

ఇంకో మాట కూడా చేర్చాలి. నెట్‌ను నిరవధికంగా ఆపడం చెల్లదని, ఆపే ఉత్తర్వులను బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న తీర్పిచ్చింది. పాత పోస్టులో ఆ వాక్యం మార్చి, ఈ తేదీలన్నీ చేర్చాను.