ఢిల్లీ దాకా ఎందుకు, మా సందు చివరికి రండి

వాయు కాలుష్యం మీద మీరు రాసిన వ్యాసం బాగుంది కానీ మొత్తం ఢిల్లీ, పంజాబ్ పొలాల్లో కాల్చే గడ్డి మంటల చుట్టూనే తిరిగింది. కాలుష్యం అంటే అక్కడి గొడవే, మనకేం కాదులే అనుకుంటారు చదివినవాళ్లు. నేనుండేది హైదరాబాద్‌లో. చలికాలం పొద్దున్నే ఐదున్నరకి మా సందు చివర ఎవరో ఒకరు చెత్తకుప్పకి నిప్పు పెడతారు, ఎండుటాకులే అయితే అదో రకం, అందులో పాల కవర్లు, థర్మాకోల్ ప్లేట్లు, పాత చెప్పు కూడా ఉంటాయి, మంట రాదు, గంటల తరబడి కమురు కంపుతో పొగే. రాత్రి నేల చల్లబడి చల్లగాలి కిందే ఉండిపోతుంది, పైన వెచ్చటి పొర మూతలా కూర్చుంటుంది కాబట్టి ఆ పొగ పైకి పోదు. సరిగ్గా అదే టైమ్‌లో ఆరోగ్యం కోసమని మనవాళ్లు వాకింగ్‌కి బయల్దేరతారు! మా అమ్మకి ఆస్తమా, డిసెంబర్ వచ్చిందంటే ఇన్‌హేలర్ దిండు కిందే.

బహిరంగంగా చెత్త కాలిస్తే 5,000 రూపాయల జరిమానా అని పర్యావరణ కేసులు చూసే జాతీయ గ్రీన్ ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. కట్టినవాణ్ణి నేనైతే చూడలేదు. ఇక డీజిల్ బండ్లు, కప్పకుండా ఇసుక తోలే లారీలు సరేసరి. పీఎం 2.5కి, అంటే పొగలో, దుమ్ములో ఉండే అతి సన్నటి కణాలకి, ఏడాది సగటున మన దేశం పెట్టుకున్న హద్దు ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5. అంటే మన లెక్కలో 'బాగుంది' అన్న గాలి కూడా ఊపిరితిత్తులకి, గుండెకి బాగున్నట్టు కాదు. మన ఊళ్ల గాలి మీద కూడా ఒక వ్యాసం రాయండి సార్.