ఉయ్యాల కింద ఏముందో చూడుండ్రి

నల్గొండ పార్కులల్ల పిల్లలకు కొత్త ఉయ్యాలలు, జారుడుబండలు పెట్టాలని ఎవరో రాసిన్రు, మంచిదే. కానీ కింద సిమెంటు గచ్చు ఉంటే పైన ఎన్ని రంగులేసి ఏం లాభం? కనీసం 9 అంగుళాల లోతు ఇసుక పొయ్యాలె, అది గట్టిపడకుండా అప్పుడప్పుడు తిరగేస్తుండాలె.

మే నెల ఎండల రేకు జారుడుబండ పెనమే. నిక్కరేసిన పిల్లగాన్ని కూసోబెడితే తొడలు బొబ్బలెక్కుతయి. ముందుగాల మీ చెయ్యి పెట్టి చూడుండ్రి.

ఇంకోటి, చంటిపిల్లను ఒళ్లె పెట్టుకొని జారేటోళ్లు చానామంది (ఫొటో కోసమే అనుకుంట!). పిల్ల కాలు అంచుకు తట్టుకున్నా మీ బరువు ఆగదు, కాలు మెలిపడి ఎముక ఇరుగుతది. ఒక్కతే జారితే కాలు తట్టుకున్నకాడ పిల్ల కూడ ఆగుతది. చున్నీలు, మెడల తాళ్లు తీసినంకనే ఎక్కించుండ్రి.

బోల్టులు ఎవరు బిగిస్తరో పార్కు బోర్డు మీద ఫోన్ నంబరుతోని రాపియ్యాలె.