ఎఫ్ మీట నొక్కిన పాపానికి

వినాయక చవితికి మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కట్టే ఫ్లెక్సీని బయట డిజైన్ చేయించడం దండగ ఖర్చని కమిటీ సమావేశంలో అన్నది నేనే కాబట్టి ఆ పని నా మెడకే చుట్టుకుంది. దాంతో వీధి చివర ఉన్న కంప్యూటర్ కేంద్రంలో, ఫొటోషాప్ నేర్పే సాయంత్రం బ్యాచిలో చేరవలసి వచ్చింది.

మా శిక్షకుడు చురుకైన కుర్రవాడే గాని, అతనికి చరిత్ర మీద ఉన్న మక్కువ మీటల మీద లేదు. థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు ఈ సాఫ్ట్‌వేర్‌కు ప్రాణం పోశారనీ, 1990లో వచ్చిన మొదటి వెర్షన్ మ్యాకింటోష్ కంప్యూటర్లలో మాత్రమే పనిచేసేదనీ, 1994లో మూడో వెర్షన్ వచ్చేదాకా బొమ్మల్ని ఒకదానిపై ఒకటి పేర్చే లేయర్లన్నవే లేవనీ తొలి తరగతంతా చెప్పాడు. ఎడమ పక్క నిలువుగా ఉన్నది టూల్ బార్, పైన అడ్డంగా ఉన్నది ఆప్షన్స్ బార్, కుడి పక్కన ఉన్నవి ప్యానెళ్లు అని చివర్లో గాలిలో వేలితో చూపించి, ‘చేస్తూ ఉంటే అవే వచ్చేస్తాయి సార్’ అని ఫోనులోకి దూరిపోయాడు. వచ్చేవాటి సంగతి సరే, ఉన్నవి పోయే అవకాశం కూడా ఉంటుందని అతను ఒక్క మాట అనలేదు.

నిన్న సాయంత్రం మా అసోసియేషన్ అధ్యక్షులవారి ఫొటోను తెరిచాను. తెల్ల చొక్కా వేసుకుని, రెండు చేతులూ జోడించి, చిరునవ్వు నవ్వుతున్న ఫొటో అది. దాని కింద తెలుగులోనే రాద్దామనుకున్నాను గాని, ఆ యంత్రంలో ఒత్తులు అక్షరాల కింద నిలవకుండా పక్కకు జరిగిపోతున్నాయి. ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి భారతీయ లిపులకు పనికొచ్చే అమరికను ఎంచుకుంటే అవి కుదురుకుంటాయట. అదేమని శిక్షకుణ్ణి అడిగితే తెలుగు టైపింగ్ వేరే కోర్సు, వేరే ఫీజు అన్నాడు. ఇంగ్లీషులోనే ‘ఫ్లాట్ ఓనర్స్’ అని కొడదామని మీటల మీద వేళ్లు పెట్టాను.

ఇక్కడ పాఠకులు కాస్త ఆగి ఒక విషయం గ్రహించాలి. మామూలు ప్రపంచంలో అక్షరం నొక్కితే అక్షరం పడుతుంది. ఫొటోషాప్‌లో మాత్రం, ముందు టైప్ టూల్ తీసుకుని బొమ్మ మీద క్లిక్ చేస్తే తప్ప, ప్రతి అక్షరమూ ఒక ఆజ్ఞ. అందుచేత నేను నమ్మకంగా కొట్టిన ఎల్‌కు లాసో వచ్చింది, టీకి టైప్ టూల్ వచ్చి ఒక్క క్షణం ఆశ చూపింది, వెంటనే ఓ నొక్కేసరికి అది పోయి డాడ్జ్ వచ్చింది, డబ్ల్యూకు మంత్రదండం, ఈకి రబ్బరు, ఆర్‌కు బొమ్మను గిరగిరా తిప్పే సాధనం వరసగా వచ్చి వెళ్లిపోయాయి. చివరికి ఎస్‌తో క్లోన్ స్టాంపు చేతిలో మిగిలింది. తెరమీద ఒక్క అక్షరమూ కనిపించలేదు. బొమ్మ మీద క్లిక్ చేస్తే, ఎక్కడి నుంచి నకలు తీయాలో ముందు ఆల్ట్ పట్టుకుని చూపించమని ఒక పెట్టె గద్దించింది. ఓకే నొక్కి, ఈసారి వేళ్లకు బలం చాలలేదేమోనని మొదటి నుంచీ గట్టిగా కొట్టడం మొదలుపెట్టాను.

మొదటి అక్షరం ఎఫ్. ఎఫ్ నొక్కిన ప్రతిసారీ తెర తీరు మారుతుంది. మొదటిసారి బూడిదరంగు నేపథ్యం వచ్చిందే గాని, పైన మెనూ అలాగే ఉండటంతో నేను పట్టించుకోలేదు. రెండో ఎఫ్‌కు మాత్రం టూల్ బార్, ప్యానెళ్లు, మెనూ సమస్తమూ అంతర్ధానమై, నల్లటి చీకటి మధ్యలో అధ్యక్షులవారు ఒక్కరే మిగిలారు. ప్యానెళ్లు కనబడవనీ, ఎఫ్ గాని ఎస్కేప్ గాని నొక్కితే మళ్లీ వస్తాయనీ అలాంటప్పుడు హెచ్చరించే పెట్టె ఒకటి రావాలట. ‘ఇకపై చూపించవద్దు’ అని పాత బ్యాచి మహానుభావుడెవరో టిక్కు పెట్టి వెళ్లిపోయాడు.

నల్లటి నేపథ్యంలో, జోడించిన చేతులతో, చిరునవ్వుతో, అందరి దగ్గరా సెలవు తీసుకుంటున్నట్టున్నారు ఆయన. పక్క సిస్టమ్ దగ్గరున్న అమ్మాయి టైపు చేయడం ఆపేసింది.

“అయ్యో అంకుల్, మీవాళ్లా? ఎప్పుడు పోయారు?”

“పోలేదమ్మా, మెనూ పోయింది” అన్నాను. ఆ అమ్మాయికి నా దుఃఖం మతి దాకా వెళ్లిందని అర్థమైనట్టుంది, మంచినీళ్ల సీసా నా వైపు జరిపింది.

వెనక వరసలో కూర్చునే కుర్రవాడికి ఫ్లెక్సీల దుకాణం ఉంది. అతను కుర్చీతో సహా జరిగివచ్చి, ఫొటోను వృత్తిరీత్యా పరిశీలించి, “దండ బొమ్మ పీఎన్‌జీలో కావాలా అంకుల్? బంతిపూలది ఉంది, గులాబీలది ఉంది. దీపం కూడా ఇస్తాను” అంటూ నేను నోరు తెరిచేలోపే పెన్‌డ్రైవ్ గుచ్చేశాడు.

నేను గట్టిగా పిలిస్తే శిక్షకుడు ఎట్టకేలకు ఫోను చెవి దగ్గరే ఉంచుకుని వచ్చాడు. భుజం మీదుగా తెరను చూసి, తల పంకించి, “నేపథ్యం బాగా కుదిరింది సార్. జననం, మరణం తేదీలకు కింద చోటు వదలండి, టెక్స్ట్ రేపు చెబుతాను” అని వెళ్లిపోయాడు.